ఘట్‌కేసర్ వైపు అద్దెకు దిగే ముందు నెల ఖర్చు లెక్క కట్టుకునే తీరు

హైదరాబాదులో అద్దెలు భరించలేక ఊరి అంచుకు మారాలనుకునే కుటుంబాలు చాలావరకు ఒకే ఒక్క అంకెను చూసి నిర్ణయానికి వస్తాయి. ఇప్పుడున్న చోట అద్దె ఎంత, అక్కడ ఎంత, మధ్య తేడా ఎంత అని వేళ్ళ మీద లెక్కపెట్టి, ఆ తేడా అంతా నెలనెలా చేతిలో మిగులుతుందని నమ్మి సామాను బండికి ఎక్కిస్తారు. మేమూ కొండాపూర్ నుంచి అలాగే వచ్చాము. వచ్చిన మూడో నెలలో, బ్యాంకు ఖాతాలో మిగులు ఎందుకు కనబడడం లేదని నా భార్య అడిగినప్పుడు, ఇద్దరం కూర్చుని పాత రసీదులను, ఫోనులో చేసిన చెల్లింపులను ఒక్కొక్కటిగా నోటుబుక్కులోకి ఎక్కించాము. అద్దెలో తగ్గిన పదిహేను వేలలో సగానికి పైగా దారిలోనూ, నీళ్ళలోనూ, రాత్రి ఆలస్యంగా ఇంటికి చేరి బయటి నుంచి తెప్పించుకున్న భోజనంలోనూ పోయిందని ఆ రాత్రి తెలిసింది. ఊరి అంచున నివసించేవారికి దారి కూడా అద్దెలో భాగమే. ఆ లెక్కను ఇల్లు మారిన తరువాత కాకుండా ముందుగానే ఎలా వేసుకోవాలో వివరంగా చెప్పాలని ఇది రాస్తున్నాను.

వరంగల్ రహదారి వెంబడి ఉప్పల్ దాటాక బోడుప్పల్, మేడిపల్లి, నారపల్లి, పోచారం, ఘట్‌కేసర్ వరకు ఒకదాని వెంట ఒకటిగా సాగే ఊళ్ళనే ఉదాహరణగా తీసుకుంటున్నాను, ఎందుకంటే అది నేను రోజూ తిరిగే దారి. పోచారంలో ఇన్ఫోసిస్ ప్రాంగణం ఉంది. ఘట్‌కేసర్‌లో రైల్వే స్టేషను, ఔటర్ రింగు రోడ్డు మీదికి ఎక్కే కూడలి ఉన్నాయి. అయినా ఇక్కడ కాపురం ఉండేవారిలో ఎంతోమందికి ఉద్యోగం సికింద్రాబాదులోనో, ఊరికి పూర్తిగా అవతలి కొసన ఉన్న హైటెక్ సిటీ, రాయదుర్గం ప్రాంతాల్లోనో ఉంటుంది. మేడ్చల్ వైపో శంకర్‌పల్లి వైపో వెళ్ళదలచినవారు ఊళ్ళ పేర్లు మార్చుకుని ఇదే పద్ధతిని వాడుకోవచ్చు. నేను రాసే చార్జీలు 2025 నాటివి. మీరు లెక్క వేసే రోజున ఉన్న ధరలను వాటి స్థానంలో వేసుకోండి.

ఇంటికంటే ముందు దారిని చూడాలి

అద్దె ఇళ్ళు చూడడానికి ఎక్కువమంది ఆదివారం ఉదయం వెళతారు. ఆ పూట ఉప్పల్ కూడలి నుంచి ఘట్‌కేసర్‌కు ఉన్న సుమారు 15 కిలోమీటర్లు హాయిగా గడిచిపోతాయి, రోడ్డు బాగుంది, ఊరు దగ్గరే అన్న అభిప్రాయం మనసులో పడిపోతుంది. సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు అదే రోడ్డు వేరే రోడ్డు. ఉప్పల్ నుంచి నారపల్లి వరకు 6.2 కిలోమీటర్ల పొడవున ఎత్తైన వంతెన నిర్మాణం 2018లో మొదలై ఏళ్ళ తరబడి సాగింది. ఆ స్తంభాల మధ్య ఇరుకైన దారిలో బస్సులు, లారీలు, ఆటోలు ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటూ కదిలిన రోజుల్లో ఒక్క ఆ ముక్క దాటడానికే ముప్పావుగంట పట్టిన సందర్భాలు నాకు ఎన్నో ఉన్నాయి. వానాకాలంలో గుంతలు కనబడకుండా నీళ్ళు నిలిచాయంటే ద్విచక్ర వాహనాల మీద వెళ్ళేవారి సంగతి చెప్పనక్కరలేదు.

అందువల్ల ఇల్లు ఖాయం చేసుకోక ముందే మూడు పనిదినాలు వెచ్చించి, ఆ వీధి మొదట్లో నిలబడి, మీరు నిజంగా బయలుదేరవలసిన సమయానికే బయలుదేరి ఆఫీసు దాకా వెళ్ళి, సాయంత్రం తిరిగి అదే వీధికి రండి. మూడింటిలో ఒకటి సోమవారం కావాలి, ఒకటి వాన పడిన రోజైతే మరీ మంచిది. జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని, ఇంటి గుమ్మం దాటినప్పటి నుంచి ఆఫీసులో కుర్చీ లాక్కుని కూర్చునేదాకా ప్రతి అంచెకూ పట్టిన సమయం, అక్కడ ఎదురుచూసిన సమయం, ఇచ్చిన డబ్బు, నిలబడి వెళ్ళామా కూర్చుని వెళ్ళామా అన్న నాలుగు విషయాలు రాయండి. చివరిది చాలామంది వదిలేస్తారు కానీ, గంటంబావు నిలబడి ఇంటికి చేరినవాళ్ళు ఆ రాత్రి వంట చేయలేరు, ఆ భోజనం ఖర్చు కూడా దారి ఖర్చే.

ఇక ఒక్కో వాహనం సంగతి. ఆర్టీసీ సిటీ ఆర్డినరీ నెల పాసు 2025 జూన్‌లో 1,150 రూపాయల నుంచి 1,400కు, మెట్రో ఎక్స్‌ప్రెస్ పాసు 1,300 నుంచి 1,600కు పెరిగింది. 2023 డిసెంబరు 9 నుంచి అమలులో ఉన్న మహాలక్ష్మి పథకం కింద ఆడవారికి ఈ రెండు రకాల బస్సుల్లోనూ ప్రయాణం ఉచితం, మెట్రో డీలక్స్‌లో మాత్రం టికెట్ కొనాలి. తెలంగాణలో నివాసం ఉన్నట్టు చూపే గుర్తింపు కార్డు కండక్టరుకు చూపించాలి కాబట్టి, ఆంధ్రప్రదేశ్ నుంచి కొత్తగా వచ్చి స్థిరపడినవారు ఆధార్‌లో చిరునామా మార్చుకునే పనిని వాయిదా వేయకూడదు. ఇంట్లో ఉద్యోగానికి వెళ్ళే ఆడవారు ఇద్దరుంటే ఊరి అంచున కాపురం ఎంత తేలికపడుతుందో ఈ ఒక్క అంశమే తేల్చేస్తుంది.

మెట్రో రైలు ఉప్పల్ నుంచి తార్నాక, సికింద్రాబాదు, అమీర్‌పేట మీదుగా రాయదుర్గం వరకు నేరుగా తీసుకువెళుతుంది. 2025 మే నెలలో చార్జీలు పెంచి, వెంటనే పది శాతం తగ్గించిన తరువాత కనిష్ఠ చార్జీ 11 రూపాయలు, గరిష్ఠ చార్జీ 69 రూపాయలు అయ్యాయి. ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా వెళ్ళేవారు గరిష్ఠ చార్జీనే లెక్కలో వేసుకోవడం మంచిది. ఉప్పల్ కూడలిలో 2023లో తెరిచిన ఆకాశ వంతెన వల్ల బస్సు దిగినవారు రోడ్డు దాటే ప్రమాదం లేకుండా స్టేషను చేరుకోగలుగుతున్నారు. పిల్లలను, పెద్దవారిని వెంటబెట్టుకుని వెళ్ళేవారికి అది పెద్ద ఊరట.

ఎంఎంటీఎస్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇల్లు చూపించేవారు అందరూ "స్టేషన్ పక్కనే సార్" అన్న మాటతోనే మొదలుపెడతారు. 2003లో సికింద్రాబాదు, లింగంపల్లి, ఫలక్‌నుమాల మధ్య మొదలైన ఈ సబర్బన్ రైళ్ళు రెండో దశలో మేడ్చల్ దాకా 2023 ఏప్రిల్‌లో, ఘట్‌కేసర్ దాకా 2024 మార్చిలో వచ్చాయి. ఘట్‌కేసర్ నుంచి చర్లపల్లి, మౌలాలి, సనత్‌నగర్ మీదుగా లింగంపల్లికి వెళ్ళే బండి హైటెక్ సిటీ స్టేషనులో ఆగుతుంది. కాగితం మీద ఇంతకంటే చవకైన దారి మరొకటి లేదు. కానీ ఈ మార్గంలో బండ్లు రోజుకు చాలా కొద్ది. మీరు వెళ్ళవలసిన వేళకు ఉదయం ఒకటి, తిరిగి రావలసిన వేళకు సాయంత్రం ఒకటి కచ్చితంగా ఉన్నాయని సమయ పట్టికలో చూసుకుని, ఆ సాయంత్రపు బండి తప్పిపోతే ఇంటికి చేరడానికి ఎంత ఖర్చవుతుందో కూడా తెలుసుకున్న తరువాతే రైలును లెక్కలోకి తీసుకోండి. వారంలో రెండు రోజులు బండి తప్పిపోయేవారు సీజన్ టికెట్ డబ్బూ కడతారు, బస్సు డబ్బూ కడతారు.

రైలు కుదిరినవారు మాత్రం సీజన్ టికెట్ తీసుకునే పద్ధతి తెలుసుకోవాలి. మూడు నెలల టికెట్ ధర నెల టికెట్‌కు 2.7 రెట్లు, ఆరు నెలలది 5.4 రెట్లు, ఏడాదిది 10.8 రెట్లు ఉంటుంది, అంటే ఎక్కువ కాలానికి తీసుకున్నవారికి పదింట ఒక వంతు ఆదా. అయితే కొత్తగా మారినవారు మొదటి రెండు నెలలూ నెల టికెట్‌తోనే సరిపెట్టుకుని, రైలు తమ వేళలకు నిజంగా కుదిరిందని తేలాక మూడు నెలలకు మారడం క్షేమం. బీబీనగర్, భువనగిరి దాకా వెళ్ళి ఇల్లు తీసుకున్నవారు రోజూ అప్ అండ్ డౌన్ చేసేది ఎక్కువగా ప్యాసింజరు, ఎక్స్‌ప్రెస్ బండ్లలోనే. సీజన్ టికెట్‌తో రిజర్వేషన్ బోగీ ఎక్కకూడదనీ, సూపర్‌ఫాస్ట్ బండికి అదనపు రుసుము ఉంటుందనీ వారు గుర్తుంచుకోవాలి.

సొంత బండి మీద ఉప్పల్ దాకా వచ్చి మెట్రో ఎక్కేవారు రోజుకు 30 కిలోమీటర్లు, 24 పనిదినాలకు 720 కిలోమీటర్లు నడుపుతారు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండికి 16 లీటర్ల పెట్రోలు కావాలి, లీటరు 107 రూపాయల చొప్పున 1,712 రూపాయలు. దీనికి పార్కింగు రుసుము, టైర్లు, సర్వీసింగు కలిపితే బస్సు పాసు కంటే ఎక్కువే అవుతుంది కానీ, ఎదురుచూపు తగ్గుతుంది.

కారులో ఔటర్ మీదుగా గచ్చిబౌలికి వెళ్ళిరావచ్చన్న ఆలోచన ఉన్నవారు కలం పట్టి లెక్క వేయాలి. 158 కిలోమీటర్ల ఈ వలయంలో ఘట్‌కేసర్, గచ్చిబౌలి దాదాపు ఎదురెదురు దిక్కుల్లో ఉన్నాయి కాబట్టి ఎటు తిరిగినా ఒక వైపు ప్రయాణం 70 కిలోమీటర్లకు తగ్గదు. కిలోమీటరుకు 2.44 రూపాయల టోలు, లీటరుకు 15 కిలోమీటర్ల మైలేజీ వేసుకుంటే రానుపోను రోజుకు టోలు 340, పెట్రోలు దాదాపు వెయ్యి రూపాయలు అవుతుంది, నెలకు ముప్పై రెండు వేల పైమాటే. ఇది కొండాపూర్‌లో ఇంటి అద్దె కంటే ఎక్కువ. 2025 ఆగస్టులో జాతీయ రహదారుల కోసం వచ్చిన 3,000 రూపాయల ఫాస్టాగ్ వార్షిక పాసు ఔటర్ మీద చెల్లదు. ద్విచక్ర వాహనాలకు ఔటర్ ప్రధాన రహదారి మీద అనుమతి లేదు, సర్వీసు రోడ్డే దిక్కు.

మిగులును గంటలతో భాగించడం

ఈ వివరాలన్నీ చేతికి వచ్చాక లెక్కను ఒకే కాగితం మీద వేయాలి. మాది చూపిస్తాను. కొండాపూర్‌లో అద్దె 28,000, ఘట్‌కేసర్‌లో 13,000, తేడా 15,000. నా ఉద్యోగం రాయదుర్గంలో, నా భార్య ఉద్యోగం సికింద్రాబాదులో. ఇక్కడికి వచ్చాక నాకు ఆర్డినరీ బస్సు పాసు 1,400, మెట్రోకు రోజుకు 138 చొప్పున 24 రోజులకు 3,312, ఇంటి నుంచి బస్టాపు దాకా షేర్ ఆటోకు రోజుకు రానుపోను 40 చొప్పున 960, మొత్తం 5,672 రూపాయలు. ఆమెకు బస్సు ఉచితం, షేర్ ఆటోకు మరో 960. కొండాపూర్‌లో నా బండి పెట్రోలుకు నెలకు 600 అయ్యేది కాబట్టి దాన్ని తీసివేస్తే అదనంగా పెరిగిన దారి ఖర్చు 6,032. వేసవి ట్యాంకర్ల ఖర్చును పన్నెండు నెలలకు పంచితే నెలకు 500, బంధువుల ఇళ్ళకూ పెళ్ళిళ్ళకూ ఊళ్ళోకి వెళ్ళిరావడానికి 800, ఆలస్యమైన రాత్రుల్లో బయటి భోజనానికి 1,200 కలిపితే ఇంకో 2,500. పదిహేను వేలలో చివరికి మిగిలింది 6,468 రూపాయలు.

ఇక్కడే ఆగకూడదు. ఆమె ప్రయాణ సమయం రెండు చోట్ల నుంచీ దాదాపు ఒకటే. నాకు మాత్రం రోజుకు రెండున్నర గంటలు పెరిగింది, నెలకు 60 గంటలు. 6,468ని 60తో భాగిస్తే గంటకు 108 రూపాయలు వస్తుంది. అంటే నా జీవితంలోంచి నెలకు అరవై గంటలు తీసి, గంటకు 108 చొప్పున అమ్ముకుంటున్నానన్నమాట. ఈ అంకె ఎంత ఉంటే మంచిది అన్నదానికి అందరికీ ఒకే జవాబు ఉండదు. అప్పు తీర్చవలసినవారికి, చెల్లెలి పెళ్ళికి డబ్బు కూడబెట్టుకునేవారికి ఆ ఆరున్నర వేలు ఎంతో విలువైనవి. రెండేళ్ళ పాప నిద్రపోక ముందు ఇంటికి చేరాలనుకునే తండ్రికి ఆ అరవై గంటలే విలువైనవి. నేను ఇక్కడే ఉండిపోవడానికి కారణం, వారంలో రెండు రోజులు ఇంటి నుంచే పని చేసే అవకాశం ఆ తరువాత దొరకడం. ఆఫీసుకు వెళ్ళే రోజులు నెలకు 24 నుంచి 15 వరకు తగ్గేసరికి గంటలు 37కు దిగాయి, ఆటో, మెట్రో ఖర్చు తగ్గి మిగులు పెరిగింది, గంటకు రెండు వందల పైన పడింది. కాబట్టి వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకు వెళ్ళాలన్నది అద్దెతో సమానమైన అంశం. ఆ మాట మీ ఆఫీసులో నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా తెలుసుకోండి.

నీళ్ళు

ఇంటి అందం చూసి మోసపోయే చోటు ఇదే. మేము ఇల్లు చూసింది అక్టోబరులో. వానలు బాగా పడిన ఏడాది, సంపు నిండా నీళ్ళు, మేడ మీద ట్యాంకు పొంగి పొర్లుతోంది. బోరు ఎప్పుడూ ఎండదని ఓనరు చెప్పారు, మేము నమ్మాము. మార్చి మూడో వారంలో మోటారు వేస్తే గాలి చప్పుడు, ఆగి ఆగి బురద రంగు నీళ్ళు వచ్చాయి. మా పక్కింటి బోరు మాత్రం అదే వారంలో మామూలుగా పోసింది. ఈ ప్రాంతమంతా గట్టి గ్రానైటు రాయి. నీళ్ళు ఆ రాతి పగుళ్ళలోనే ఉంటాయి కాబట్టి ముప్పై అడుగుల దూరంలో ఉన్న రెండు బోర్లలో ఒకటి ఎండి, మరొకటి పారడం ఇక్కడ వింత కాదు. వీధిలో నీళ్ళు బాగా ఉన్నాయన్న మాట ఆ ఇంటికి పూచీ కాదు.

అందుకని ఇల్లు చూడడానికి వీలైతే ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళండి. అలా కుదరకపోతే ఓనరును కాకుండా ఆ వీధిలోని కిరాణా కొట్టు ఆయనను అడగండి. కొట్టు ముందు నిలబడి, "అన్నా, ఈ లైన్ల ఎండకాలం నీళ్ళెట్లుంటయి?" అని అడిగితే ఆయనకు దాచవలసిన అవసరం ఏమీ ఉండదు. నేను రెండో ఇల్లు వెతుకుతున్నప్పుడు ఒకాయన, "మార్చి దాటితే ట్యాంకరే సార్, రోజు విడిచి రోజు వస్తది, ఆ మూల బిల్డింగుకైతే రోజూ వస్తది" అని చెప్పి మాకు ఎన్ని వేలు మిగిల్చాడో ఆయనకే తెలియదు.

ఇంటి లోపల చూడవలసినది బాత్రూములోని కుళాయి మూతి. అక్కడ తెల్లటి పొర గట్టిగా పేరుకుని, గోరుతో గీకినా రాకపోతే, బకెట్ లోపలి అంచున సున్నం గీసినట్టు గీత కనబడితే, బోరు నీళ్ళు ఉప్పుతేరినవని అర్థం. ఆ నీళ్ళతో సబ్బు నురగ రాదు, పప్పు ఆలస్యంగా ఉడుకుతుంది, గీజరు కాయిల్ త్వరగా పోతుంది, తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్లు కొనక తప్పదు. నలుగురున్న ఇంటికి రోజుకో క్యాను చొప్పున నెలకు ముప్పై క్యాన్ల ధర లెక్కలో రాసుకోండి.

నల్లా కనెక్షన్ ఉందని చెప్పినచోట జలమండలి, అంటే నగర నీటి సరఫరా సంస్థ, బిల్లు చూపించమని అడగండి. బిల్లు మీద క్యాన్ నంబరు, అంటే వినియోగదారు ఖాతా సంఖ్య, ఉంటే కనెక్షన్ ఉన్నట్టు, నీళ్ళు వారానికి ఎన్నిసార్లు వదులుతారన్నది మళ్ళీ కిరాణా కొట్టు ఆయనే చెప్పాలి. 2021 నుంచి జీహెచ్‌ఎంసీ పరిధిలో నెలకు 20,000 లీటర్ల వరకు ఇళ్ళకు ఉచితంగా ఇచ్చే పథకం ఉంది, దానికి ఆధార్ అనుసంధానం, మీటరు కావాలి. ఘట్‌కేసర్, పోచారంతో సహా ఔటర్ లోపలి 27 పురపాలికలను 2025 చివరలో జీహెచ్‌ఎంసీలో కలిపారు. కలిశాయి కాబట్టి ఉచిత నీళ్ళు తప్పక వస్తాయని ఎవరైనా చెబితే, ఆ ఇంటి తాజా బిల్లులో ఎంత పడిందో చూసిన తరువాతే నమ్మండి.

కరెంటు: రెండు వందల గీత

తెలంగాణలో ఇళ్ళ కరెంటు బిల్లు స్లాబుల మీద నడుస్తుంది, అందులో 200 యూనిట్ల దగ్గర ఒక పెద్ద మెట్టు ఉంది. నెలకు సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే మొదటి వందకు 3.40 చొప్పున 340, రెండో వందకు 4.80 చొప్పున 480, మొత్తం 820 రూపాయలు. 201 యూనిట్లు కాలిస్తే మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున 1,020, ఆపైన ఒక్క యూనిట్‌కు 7.70, మొత్తం 1,027.70. ఒక్క యూనిట్‌కు రెండు వందల ఏడు రూపాయల తేడా, స్థిర చార్జీలు వేరే. ఆహార భద్రత కార్డు ఉండి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచితం పొందుతున్న కుటుంబానికి ఈ గీత ఇంకా కఠినమైనది, ఎందుకంటే 201వ యూనిట్ పడిన నెలలో బిల్లు మొత్తం కట్టవలసి వస్తుంది. గృహజ్యోతి అద్దెకున్నవారికీ వర్తిస్తుంది కాబట్టి ఇల్లు మారగానే కొత్త సర్వీసు నంబరును మీ కార్డుకు జత చేయించుకోవాలి.

ఇందులోంచి తెలుసుకోవలసింది ఒకటుంది. ఒక్కో వాటాకు విడి మీటరు లేని ఇంట్లో దిగకండి. రెండు మూడు కుటుంబాలు ఒకే మీటరు మీద ఉన్నప్పుడు అందరి వాడకమూ కలిసి పై స్లాబులోకి పోతుంది, ఓనరు సబ్‌మీటరు చూసి యూనిట్‌కు ఇంత అని వసూలు చేస్తే మీరు తక్కువ వాడినా ఎక్కువ ధరే కడతారు, గృహజ్యోతి కూడా అందదు. సంపు మోటారు ఎవరి మీటరు మీద నడుస్తుందో కూడా అడగండి. మా మొదటి ఇంట్లో అది మా మీటరు మీదే ఉందని నాలుగు నెలల తరువాత తెలిసింది. పై అంతస్తు ఇల్లు వేసవిలో రాత్రి పదింటికి కూడా పెనంలా కాగుతుంది, అక్కడ కూలరో ఏసీనో తప్పదు. అద్దె వెయ్యి రూపాయలు తక్కువని మేడ మీది ఇల్లు తీసుకునేవారు పాత కాపురం వారు ఉన్నప్పటి ఏప్రిల్, మే, జూన్ బిల్లులను చూసి తీసుకోవాలి.

తక్కినవి

రేషన్ కార్డు గురించి బెంగ అక్కరలేదు. రాష్ట్రంలో ఏ చౌకధర దుకాణంలోనైనా సరుకు తీసుకునే వీలుంది, 2025 ఏప్రిల్ నుంచి మనిషికి ఆరు కిలోల చొప్పున సన్నబియ్యం ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్ కార్డు ఉన్నవారు కూడా ఒకే దేశం ఒకే కార్డు ఏర్పాటు కింద ఇక్కడ బియ్యం తీసుకోవచ్చు. కూరగాయల విషయంలో ఊరి అంచున ఉండడం నిజంగా లాభమే. చుట్టుపక్కల పల్లెల నుంచి రైతులు తెచ్చి అమ్మే ఆకుకూరలు, వారపు అంగడిలో దొరికే టమాట, బెండ, బీర మాకు కొండాపూర్‌లో కంటే చవకగా, తాజాగా దొరుకుతున్నాయి. అంగడి రోజున సాయంత్రం ఏడు దాటాక వెళితే ధర ఇంకా దిగుతుంది.

బడి విషయంలో ఫీజుతో పాటు వ్యాను చార్జీ, అది ఎన్ని నెలలకు వసూలు చేస్తారన్నది అడగండి. సెలవు నెలలకు కూడా వ్యాను డబ్బు కట్టవలసిన బడులు ఉన్నాయి. తల్లిదండ్రులిద్దరూ రాత్రి ఏడున్నరకు గాని ఇంటికి చేరనప్పుడు నాలుగింటికి వచ్చే పిల్లవాడిని ఎవరు చూస్తారన్న ప్రశ్నకు డబ్బుతో జవాబు చెప్పవలసి వస్తే, దాన్నీ దారి ఖర్చు కిందే రాయాలి. పెద్దవారు ఇంట్లో ఉంటే రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి ఎంత దూరమో ముందే ఒకసారి వెళ్ళి చూసి రండి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉండడం ఈ వైపు వారికి దక్కిన పెద్ద అండ.

అగ్రిమెంటు దగ్గర

ఇక్కడ అగ్రిమెంటు సాధారణంగా పదకొండు నెలలకు రాస్తారు. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఎంత పట్టుకుంటారు, ఏడాదికి అద్దె ఎంత శాతం పెంచుతారు అన్న మూడింటినీ మాటగా వదిలేయకుండా కాగితం మీద రాయించండి. అపార్టుమెంటయితే నెలవారీ మెయింటెనెన్సులో ట్యాంకరు నీళ్ళు కలిసి ఉన్నాయా, విడిగా వసూలు చేస్తారా అని రాయించుకోవాలి. విడి ఇల్లయితే, బోరు ఎండిన నెలల్లో ట్యాంకరు డబ్బు ఓనరు పెట్టుకోవాలా, మీరు పెట్టుకోవాలా, సగం సగమా అన్నది తేల్చుకోవాలి. అక్టోబరులో ఈ మాట ఎత్తితే ఓనర్లు తేలికగా ఒప్పుకుంటారు, ఏప్రిల్‌లో ఎత్తితే ఒప్పుకోరు.

దిగిన రోజు నుంచి అదే నోటుబుక్కులో ప్రతి ట్యాంకరు తేదీ, ధర, ప్రతి నెల కరెంటు యూనిట్లు, మోటారు చెడిపోయిన రోజులు రాస్తూ వెళ్ళండి. మా రెండో ఇంటి అగ్రిమెంటు పదకొండో నెలలో ఓనరు అద్దె పది శాతం పెంచుతానని వచ్చినప్పుడు, నా భార్య ఆ పుస్తకం తెరిచి మార్చి నుంచి జూన్ వరకు వచ్చిన ట్యాంకర్ల పేజీని ఆయన ముందు పెట్టి, "అన్నయ్యా, వీటిలో సగం మీరిస్తామని రాసిన కాగితం ఇదిగో" అంది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని తేదీలన్నీ ఓపికగా చదివి, ఆ ఏటికి పెంపు అయిదు శాతానికి తగ్గించి, తన వాటా డబ్బును తరువాతి నెల అద్దెలో మినహాయించుకోమని చెప్పి వెళ్ళారు.